నలుపుకు, చలువకు మధ్య ఒక పొర

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కట్టిన కియా కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ కారు బయటికొచ్చింది. అప్పటికి ఆ ఊరు అనంతపురం జిల్లాలోది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ మెట్టసీమలో కారు కొన్నవాళ్లను వెంటనే వేధించేది ఎండ. అద్దంలోంచి వెలుగు సులువుగా దూరుతుంది. సీట్లు, డాష్‌బోర్డు దాన్ని పీల్చుకుని వేడిగా వెదజల్లుతాయి. పొడవాటి తరంగాలుగా మారిన ఆ వేడిని అద్దం నేరుగా బయటికి పోనివ్వదు.

అందుకే సన్ ఫిల్మ్. అయితే నల్లగా ఉంటేనే చల్లగా ఉంటుందన్న నమ్మకం చాలామందికి నష్టం చేసింది. ఎండ శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలది. రంగు అద్దిన చవక ఫిల్మ్ వెలుతురును తగ్గిస్తుంది కానీ, పీల్చుకున్న వేడిలో కొంత మళ్లీ కారులోకే వదులుతుంది. కొన్నేళ్లకు ఊదారంగుకు తిరుగుతుంది కూడా.

ఈ పొరకు ఆధారం పాలిస్టర్. 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ దాన్ని తయారుచేసింది బట్టల నూలు కోసం. 1966లో అమెరికాలోని 3ఎం సంస్థ కిటికీ ఫిల్మ్‌కు పేటెంటు పొందింది. తర్వాత లోహపు పూత ఫిల్ములు వేడిని వెనక్కి కొట్టాయి కానీ, రేడియో సంకేతాలకు కొంత అడ్డయ్యాయి. ఇప్పటి సిరామిక్ ఫిల్ముల్లోని అతి సూక్ష్మ కణాలు వెలుతురును పెద్దగా తగ్గించకుండానే పరారుణాన్ని అడ్డుకుంటాయి.

నలుపు మీద చట్టం కన్ను కూడా పడింది. ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురును రానివ్వాలన్నది నిబంధన. అవిషేక్ గోయెంకా కేసులో 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాలపై ఫిల్మ్ అంటించడాన్నే నిషేధించింది. తర్వాత నిబంధన మారింది. దాని ఆధారంగా, హద్దుల్లో ఉన్న ఫిల్మ్ వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి: 70 శాతం వెలుతురు వచ్చే పక్క అద్దం మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 49 శాతమే. హద్దు దాటినట్టే!

ఎంత మంచి ఫిల్మ్ అయినా అంటించే చేతిలోనే నిలవాలి. అందులో సగానికి పైగా పని శుభ్రం చేయడమే. గాలికి లేచే దుమ్ము రేణువు ఒక్కటి లోపల చిక్కినా బుడిపెగా ఉండిపోతుంది. అందుకే నీడలో, ఫ్యాన్లు ఆపి, నేల తడిపి పని మొదలుపెట్టాలి. అద్దాన్ని బ్లేడుతో గీకి, కొంచెం దించి పై అంచును, రబ్బరు బీడింగులో పేరుకున్న మట్టిని కూడా తీయాలి. బోరు నీళ్లు వాడితే ఆరాక ఉప్పు మరకలు మిగులుతాయి. ఆర్వో నీళ్లలో కొన్ని చుక్కల బేబీ షాంపూ కలిపితే ఫిల్మ్ అద్దం మీద జారుతుంది, సరిచేసుకోవడానికి వీలవుతుంది. వంపు తిరిగిన వెనక అద్దానికి మాత్రం ముందుగా బయటివైపు పరిచి, హీట్ గన్‌తో ముడుచుకునేలా చేసి, తర్వాత లోపల అంటిస్తారు. నడుమ నుంచి అంచులకు రబ్బరు పట్టీతో నీళ్లు గట్టిగా లాగేయాలి. ఇక్కడి పొడిగాలిలో షాంపూ నీళ్లు చూస్తుండగానే ఆరిపోతాయి. తొందరపడితే ముడత, ఆలస్యమైతే అతుకు. పొద్దున్నే పని పెట్టుకునేవాళ్లు తెలివైనవాళ్లు.

అంటించాక మూడు నాలుగు రోజులు అద్దం దించకూడదు. ఆలోపు కనిపించే నీటి బుడగలు వాటంతటవే పోతాయి, దుమ్ము బుడిపెలు పోవు. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ, అమ్మోనియా లేని ద్రవం చాలు. పాత ఫిల్మ్ తీసేటప్పుడు వెనక అద్దం మీద బ్లేడు పెట్టొద్దు: మంచు కరిగించే సన్నటి తీగలు తెగుతాయి. ఆవిరితో జిగురు మెత్తబరిచి, నెమ్మదిగా ఒలిస్తే సరిపోతుంది.