శీతకాలమున తాబేళ్ల పోషణము

అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్ వంటి చలిసీమలలో కాపురముండి, పెరటికొలనులో తాబేళ్లను పెంచు మన సోదరీమణులకు మార్గశిరము రాగానే ఒక బెంగ పుట్టును. కొలను గడ్డకట్టినచో ఆ మూగజీవుల గతి యేమి? ఆ ప్రాంతములకే చెందిన పెయింటెడ్ టర్టిల్ అను జాతి చలికి వెఱచునది కాదు. దానికి మన జాలివలననే ముప్పెక్కువ.

ప్రాణిని ఆకలితో పరుండబెట్టుటకు మనకు మనసొప్పదు. కాని తాబేలు తన దేహమును తానై వేడిగా నుంచుకొనలేదు. నీరు చల్లబడినకొలదియు దాని జీర్ణశక్తి సన్నగిల్లును. నీటి వేడిమి సుమారు 15 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగిన పిదప పెట్టిన మేత కడుపులోనే క్రుళ్లి ప్రాణము తీయవచ్చును. కావున ఆకురాలు కాలముననే మేత మాన్పవలెను.

నీరు 4 డిగ్రీలకడ మిక్కిలి బరువై అడుగునకు దిగును. అందువలన పైన మంచు పేరుకొన్నను, లోతుగల కొలనున అడుగునీరు గడ్డకట్టదు. తాబేలు అచ్చటనే కదలక మెదలక పడియుండి, చర్మముద్వారా నీటిలోని ప్రాణవాయువును కొంచెముగా గ్రహించుచుండును. ఈ జాతి తాబేళ్లు 3 డిగ్రీల నీటిలో ప్రాణవాయువు లేకయే నూఱు దినములకు పైగా బ్రతికినట్లు శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. రక్తమున చేరు ఆమ్లమును వాని చిప్పలోని సున్నము అణచునట! ఎంత వింత!

అయినను ఆ శక్తిని నమ్మి అశ్రద్ధ చేయరాదు. అడుగున ఆకులు క్రుళ్లిన యెడల నీరు చెడును. చలికి ముందే వానిని తీసివేయవలెను. విషవాయువులు వెడలిపోవుటకు మంచులో చిన్న రంధ్రమొకటి యుండవలెను. సుత్తితో మోదరాదు, ఆ అదురు తాబేలునకు బాధాకరము. వేడినీటి గిన్నెను మంచుపై నుంచిన మెల్లగా కరగి రంధ్రమేర్పడును. ఇందులకై విద్యుత్పరికరములును దొరకును.

చచ్చెనేమో యని నడుచలికాలమున పైకి తీసి కాచుట మఱియొక పొరపాటు. చిక్కినవానిని, జబ్బువానిని, పసివానిని మాత్రము చలికి ముందే ఇంటిలోని వెచ్చని నీటితొట్టికి మార్చవలెను. తొట్టి ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. సాల్మొనెల్లా సూక్ష్మజీవులు పిల్లలకు సోకుచుండుటవలననే 4 అంగుళములకు తక్కువైన తాబేళ్ల అమ్మకమును అమెరికాలో 1975లో నిషేధించిరి. మన దేశమున స్వదేశపు తాబేళ్లలో పెక్కింటిని పెంచుటయే 1972 నాటి వన్యప్రాణి చట్టమువలన నేరము.

వసంతమున మంచు కరగగానే మేత వేయ తొందరపడవలదు. తాబేలు తనంత పైకి వచ్చి, ఱాతిపై ఎండ కాచుకొని, నీరు వెచ్చబడిన పిదప చుఱుకుగా ఈదసాగును. అప్పుడు కొద్దికొద్దిగా పెట్టవచ్చును.