పెద్దవారిలో ముందుకు వచ్చిన క్రింది దవడ - చికిత్స

నోరు మూసినప్పుడు క్రింది ముందు పళ్ళు పై పళ్ళను దాటి ముందుకు రావడాన్ని దంతవైద్యులు '''అండర్‌బైట్''' అంటారు. సహజంగా పై పళ్ళు క్రింది పళ్ళను కొద్దిగా కప్పి ఉంటాయి. అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ ఆంగిల్ 1899లో చేసిన వర్గీకరణలో ఇది మూడవ తరగతికి చెందుతుంది.

== కారణాలు ==
క్రింది దవడ ఎక్కువగా పెరగడం, పై దవడ తక్కువగా పెరగడం, లేదా ఈ రెండూ కలిసి ఉండటం ముఖ్య కారణాలు. వంశపారంపర్య ప్రభావం బలమైనది. ఐరోపాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశీయుల చిత్రపటాలలో తరతరాలుగా ఇటువంటి గడ్డమే కనిపిస్తుంది. కొందరిలో దవడలు సరిగానే ఉండి, పళ్ళు మాత్రమే వంగి మొలుస్తాయి.

== లక్షణాలు ==
ముందు పళ్ళతో కొరకడం కష్టమవుతుంది. కొన్ని అక్షరాల ఉచ్చారణ స్పష్టంగా ఉండదు. పళ్ళు అరుగుతాయి. ముఖాకృతి గురించిన సంకోచం వలన కొందరు నలుగురిలో మాట్లాడటానికి, నవ్వడానికి వెనుకాడతారు.

== పెద్దవారిలో చికిత్స ==
ఎదిగే పిల్లలలో ముఖానికి తగిలించే సాధనంతో పై దవడను ముందుకు లాగవచ్చు. ఇది సుమారు పదేళ్ళ లోపు బాగా ఫలిస్తుంది. దవడల ఎదుగుదల ముగిసిన పెద్దవారిలో ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి.

'''తీగల చికిత్స:''' లోపం స్వల్పమైతే దవడను కదపకుండా, తీగలు, రబ్బరు బ్యాండ్లతో పై పళ్ళను ముందుకు, క్రింది పళ్ళను వెనుకకు వంచుతారు. అవసరమైతే క్రింది వరుసలో రెండు పళ్ళు తీస్తారు. దీనికి సాధారణంగా ఒకటిన్నర నుండి రెండున్నర సంవత్సరాలు పడుతుంది. గడ్డం ఆకృతి పెద్దగా మారదు.

'''శస్త్రచికిత్స:''' లోపం తీవ్రమైతే ముందుగా ఏడాది పాటు లేదా అంతకన్నా ఎక్కువ కాలం తీగలు వేసి, ఆపై దవడ ఎముకను కోసి సరైన స్థానంలో చిన్న పలకలతో బిగిస్తారు. తరువాత మరికొన్ని నెలలు తీగలు ఉంటాయి. ఆధునిక పద్ధతికి ట్రానర్, ఒబ్వెగెసర్ 1957లో ప్రచురించిన విధానం పునాది. క్రింది పెదవిలో తిమ్మిరి కొంతకాలం, కొందరిలో శాశ్వతంగా మిగలవచ్చు.

ఈ రెండు మార్గాలలో పళ్ళను జరిపే దిశలు పరస్పరం విరుద్ధమైనవి. శస్త్రచికిత్సకు ముందు క్రింది పళ్ళను ముందుకు నిలబెడతారు. కనుక అప్పుడు లోపం తాత్కాలికంగా ఎక్కువైనట్లు కనిపిస్తుంది. తీగలతో సరిపెట్టబోయి నడుమ శస్త్రచికిత్సకు మారితే, చేసిన పనిని తిరగదోడవలసి వస్తుంది. అందువలన ప్రక్కవైపు ఎక్స్‌రే, పళ్ళ అచ్చులు పరిశీలించి మొదటి తీగ వేయకముందే మార్గాన్ని నిర్ణయించుకోవాలి. చిగుళ్ళ వ్యాధి ఉంటే ముందు దానిని నయం చేయాలి.

== ఖమ్మం - భద్రాచలం ప్రాంతంలో ==
ఖమ్మంలో మమతా దంతవైద్య కళాశాల ఉన్నది. భద్రాచలం నుండి ఖమ్మానికి రోడ్డు మార్గాన సుమారు 120 కిలోమీటర్లు. దుమ్ముగూడెం, చర్ల మండలాల అటవీ గ్రామాల వారు ముందుగా భద్రాచలం చేరుకోవాలి. తీగలు వేసిన వారు సుమారు నెలకొకసారి వైద్యుని వద్దకు వెళ్ళాలి. రెండేళ్ళ చికిత్స అంటే ఇరవైకి పైగా ప్రయాణాలు, అన్ని రోజుల కూలి నష్టం. చికిత్సను నడుమ మానివేస్తే పళ్ళు సగంలో నిలిచి, శుభ్రం కాని తీగల చుట్టూ పుచ్చు ఏర్పడుతుంది. మొత్తం ఖర్చు, రావలసిన తడవలు, రాలేని నెలలలో ఏమి చేయాలో ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో చేసే పరీక్షలలో దంత సమస్యలు కూడా ఉన్నాయి. ఉపాధ్యాయులు ఏడెనిమిదేళ్ళ పిల్లలలో ఈ లోపాన్ని గమనించి చెప్పగలిగితే, కొందరికి పెద్దయ్యాక శస్త్రచికిత్స అవసరం తప్పవచ్చు.

== జాగ్రత్తలు ==
* చెరకు, జంతికలు, మొక్కజొన్న పొత్తులు వంటివి కొరకరాదు.
* భోజనం తరువాత ప్రతిసారీ పళ్ళు తోముకోవాలి.
* తీగలు తీసిన తరువాత వైద్యుడిచ్చిన రిటైనరును చెప్పినంత కాలం ధరించాలి. లేనిచో పళ్ళు పాత స్థానాలకు మరలుతాయి.

== ఇవి కూడా చూడండి ==
* దంతాలు
* దవడ ఎముక
* చిగుళ్ళ వ్యాధి