ఇంట్లోనే గోధుమ మాల్టు బిస్కెట్లు

పొద్దున్నే టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకు తింటే పిల్లల టిఫిను అయిపోయిందనుకునే ఇళ్లు పల్లెల్లో కూడా ఎక్కువయ్యాయి. పొలం పనుల రోజుల్లో తల్లికి తీరిక ఉండదు. కొట్లో పొట్లం చవగ్గా దొరుకుతుంది. ఇందులో ఎవరినీ తప్పు పట్టే పని లేదు. కానీ ఒకసారి ఆ పొట్లం వెనక్కి తిప్పి చూడండి. వాడిన సరుకుల పేర్లు, బరువు ఎక్కువున్న దాని నుంచి తక్కువున్న దాని వరకు వరుసగా రాసి ఉంటాయి. చాలావాటిలో మొదటి పేరు మైదా. తర్వాత పంచదార, పామాయిల్ కనిపిస్తాయి. మైదా తయారీలో గోధుమ పైపొట్టు, మొలక భాగం తీసేస్తారు. పీచు, ఇనుము, బి విటమిన్లు చాలావరకు వాటితోనే పోతాయి.

అదే గోధుమను మొలకెత్తించి, ఎండబెట్టి, పొట్టుతో సహా మర ఆడిస్తే వచ్చేదే గోధుమ మాల్టు. దీనితో ఇంట్లోనే మంచి బిస్కెట్లు చేసుకోవచ్చు. ఓవెన్ లేకపోయినా ఫర్వాలేదు, మందపాటి ఇనుప బాణలి ఉంటే చాలు.

మొలకెత్తితే లాభమేమిటి?

గింజ మొలకెత్తేటప్పుడు లోపల ఎమైలేజ్ అనే ఎంజైము పెరుగుతుంది. ఇది గింజలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. లేత మొక్కకు అదే తొలి ఆహారం. సరైన సమయంలో ఎండబెట్టి మొలకను ఆపేస్తే ఆ తీపి గింజలోనే నిలిచిపోతుంది. ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటిక్ ఆమ్లం కూడా కొంత తగ్గుతుంది. ఇది మనకు కొత్త విద్య కాదు. రాగి మాల్టు మన ఇళ్లలో చేసేది ఇదే పద్ధతిలో. హార్లిక్ సోదరులు 1873లో అమెరికాలోని చికాగోలో మొదలుపెట్టిన వ్యాపారానికీ ఈ మాల్టే ఆధారం.

విత్తన గోధుమ వద్దు

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇది. విత్తనానికని తెచ్చిన గోధుమ మిగిలింది కదా అని ఎట్టి పరిస్థితుల్లోనూ వాడవద్దు. విత్తనశుద్ధి కోసం దానికి తెగులు మందు పట్టించి ఉంటుంది. గుర్తు కోసం సాధారణంగా రంగు కూడా కలుపుతారు. నాలుగుసార్లు కడిగితే పోతుందిలే అనుకోవడం ప్రమాదం. తిండికి అమ్మే గోధుమే తీసుకోండి.

ముందుగా నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో కట్టి చూడండి. తొంభై వరకు మొలిస్తే మంచి సరుకు. నూర్పిడిలో దెబ్బతిన్నవి, పుచ్చువి మొలవవు సరికదా, పక్క గింజలకూ బూజు అంటిస్తాయి. వాటిని ముందే ఏరి పారేయాలి.

మాల్టు తయారీ

కిలో గోధుమను బాగా కడిగి 10 నుంచి 12 గంటలు నానబెట్టాలి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. లేకుంటే పులిసిన వాసన వస్తుంది. నీళ్లు వంపేసి, పలుచని నూలు గుడ్డలో వదులుగా మూట కట్టి, గాలి ఆడే నీడన ఉంచాలి. పూటకోసారి విప్పి గింజలను కదిపి నీళ్లు చిలకరించాలి. గట్టిగా కడితే లోపల వేడెక్కి పాడవుతాయి.

ఎండాకాలంలో ఒకటిన్నర రోజు, చలికాలంలో రెండు రోజులు పైచిలుకు పడుతుంది. మొలక గింజ పొడవులో ముప్పాతిక వంతు రాగానే ఆపేయాలి. ఆకు పచ్చబడేదాకా ఉంచితే మాల్టు చేదెక్కుతుంది. బూజు కనిపించినా, జిగురుగా ఉండి చెడు వాసన వచ్చినా ఆ మూట మొత్తం పారేయండి. పైపైన కడిగి వాడితే ఆరోగ్యానికి చేటు.

మొలకలను శుభ్రమైన గుడ్డ మీద పలుచగా పరిచి, మంచి ఎండలో రెండు రోజులు ఆరబెట్టాలి. నోట్లో వేసుకుంటే పటుక్కున విరగాలి. అప్పుడు చేతులతో నలిపి చేటలో చెరిగితే ఎండిన వేళ్లు రాలిపోతాయి. వాటిలోనే చేదు ఎక్కువ. తర్వాత సన్నని సెగ మీద అయిదారు నిమిషాలు కమ్మని వాసన వచ్చేదాకా వేడి చేస్తే చాలు. ఎర్రగా వేయించవద్దు. చల్లారాక మర ఆడించి డబ్బాలో పోసుకోండి.

బిస్కెట్లకు కావలసినవి

గోధుమపిండి 200 గ్రా., మాల్టు పిండి 50 గ్రా., నెయ్యి 100 గ్రా., బెల్లం పొడి 80 గ్రా., పాలు 4 పెద్ద చెంచాలు, బేకింగ్ పౌడర్ అర చిన్న చెంచా, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి, నువ్వులు ఒక చెంచా.

మాల్టు పిండిని గోరువెచ్చని పాలలో కలిపి అరగంట ఉంచాలి. మరిగే పాలు పోస్తే ఎంజైము చచ్చిపోతుంది. పేరుకున్న నెయ్యి, బెల్లం పొడి కలిపి తెల్లగా నురుగు వచ్చేలా గిలకొట్టాలి. అందులో పాలలో నానిన మాల్టు, మిగతా పిండి, ఉప్పు, ఏలకులు, నువ్వులు వేసి ముద్ద చేయాలి. చపాతీ పిండిలా మర్దించవద్దు, బిస్కెట్లు గట్టిపడతాయి. ముద్దను 20 నిమిషాలు ఉంచి, నిమ్మకాయలో సగం ఉండలు చేసి అర సెంటీమీటరు మందాన ఒత్తాలి. సుమారు 30 బిస్కెట్లు వస్తాయి. పుల్లతో అక్కడక్కడా గుచ్చండి.

మాల్టు మంచిదే కదా అని పాలు పెంచవద్దు. నాలుగు పాళ్ల పిండికి ఒక పాలు మించితే పైన త్వరగా మాడుతుంది, లోపల జిగురుగా ఉంటుంది.

బాణలిలో కాల్చడం

బాణలిలో అంగుళం మందాన కల్లుప్పు పోసి, మధ్యలో చుట్టకుదురు పెట్టి, గట్టి మూతతో పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. నెయ్యి రాసిన పళ్లెంలో బిస్కెట్లు ఎడంగా పేర్చి కుదురు మీద పెట్టి, సన్న సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. అంచులు ఎర్రబడితే దించేయండి. వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితే గుల్లబారతాయి. ఓవెన్ అయితే 160 డిగ్రీల వేడి సరిపోతుంది. పూర్తిగా చల్లారాక మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచితే పది పదిహేను రోజులు నిలుస్తాయి.

గుర్తుంచుకోండి

ఇవి మందు కాదు, తిండి. బెల్లం, నెయ్యి ఉన్నాయి కాబట్టి మధుమేహం ఉన్నవారు లెక్క చూసుకుని తినాలి. గోధుమ పడనివారికి ఇవి పనికిరావు. ఎదిగే పిల్లలకు మాల్టులో సగం రాగి మాల్టు కలపవచ్చు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గోధుమలో అందులో ఆరో వంతు కూడా ఉండదు. బిస్కెట్టుతో పాటు ఓ గ్లాసు పాలు ఇస్తే ఇంకా మంచిది.

మహిళా సంఘాలవారు వీటిని చేసి అమ్మాలనుకుంటే 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ముందుగా నమోదు చేసుకోవాలి. పొట్లం మీద తయారీ తేదీ, సరుకుల పేర్లు రాయాలి. మొదట కిలో గోధుమతో ఇంటికి చేసి చూడండి. మాల్టు రెండుసార్లు చెడకుండా కుదిరాకే అమ్మకం సంగతి ఆలోచించండి.