మడ వేళ్లకు చిక్కిన కొత్త మట్టి

కాకినాడకు దక్షిణముగా, గౌతమీ గోదావరి సముద్రమును చేరు చోట కోరింగ మడ అడవులు గలవు. ఆటు వేళ నీరు వెనుకకు తీసినప్పుడు, ఆ బురదపై సూదులు నాటినట్లు అసంఖ్యాకముగ మొలకలు కనిపించును. అవి మొలకలు కావు. మడచెట్టు ఊపిరి వేళ్లు. ఉప్పునీట నానిన బురదలో గాలి యాడదు గనుక, వేరే పైకి వచ్చి గాలి పీల్చుకొనుచున్నది.

ఈ వేళ్లే డెల్టాకు రక్ష. త్ర్యంబకమున బుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన నదికి ఇచట వేగము తగ్గును; ఒండ్రు అడుగునకు దిగును. రొయ్యపిల్లలకు, పీతలకు అది పురుటిల్లు. 1839 తుపానున నాశనమైన కోరింగ రేవును తలచువారికి ఈ పచ్చని గోడ విలువ వేరుగ చెప్పనక్కరలేదు. 1978లో ప్రభుత్వము దీనిని అభయారణ్యముగా ప్రకటించినది.

అయితే మట్టిని పట్టి నిలుపు ఈ గుణమే నేడు అడవికి చేటగుచున్నది. ఒండ్రునకును, ప్లాస్టిక్ పొడికిని గల భేదము వేళ్లకు తెలియదు. ఎండకు పెళుసెక్కిన సంచి, అలలకు చివికిన నైలాన్ వల, ఉతుకులో రాలిన పాలియెస్టర్ పోగు నశింపవు, చిన్నవగును, అంతే. 5 మిల్లీమీటర్లకు లోబడిన ఇట్టి తునకలను శాస్త్రజ్ఞులు సూక్ష్మప్లాస్టిక్కులందురు. పెద్ద సంచి ఊపిరి వేరును కప్పివేయును. సన్నని పొడి బురదలో గలసి, ఆ బురదలో మేత వెదకుకొను పీత కడుపున జేరును. ఆ పీత మన వంటయింటికిని వచ్చునదే.

ఒడ్డున బడిన సంచిని ఏరవచ్చును. బురదలోని పొడిని ఏరుటెట్లు? త్రవ్వి జల్లెడ పట్టబోయినచో వేళ్లు తెగును, లేత మొక్కలు చచ్చును. కావున దీనిని ఆపవలసిన చోటు అడవి కాదు; ఎగువనున్న మన వీధి, మన మురుగుకాల్వ. 2022 జూలై 1 నుండి, ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్ని మన దేశమున నిషిద్ధములైనవి. తక్కినది మన అలవాటుపై ఆధారపడియున్నది.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పరీక్ష చేయింపవచ్చును. ఊరి కాల్వగట్టు మట్టిని ఎండబెట్టి పొడిచేసి, ఇక ఉప్పు కరగదన్నంతగా ఉప్పు కలిపిన నీటిలో వేసి, గాజుగ్లాసులో కలియబెట్టి కదలక ఉంచవలెను. మట్టి అడుగునకు దిగును. ఆకుతునకలతోపాటు పాలిథీన్, నైలాన్ వంటి తేలిక రేణువులున్నచో పైకి తేలును. భూతద్దముతో చూచిన పిల్లలు ఒక నీలిపోగునో, ఎర్రతునకనో గుర్తింపవచ్చును. అది ఎచటినుండి వచ్చినదని వారినే అడుగవలెను. సమాధానమునకై వారు కోరింగ వరకు పోనక్కరలేదు.