టర్ప్సికొరీని తెలుగులో ఏమంటారు?

తెలుక్ ఇంటాన్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఊరు చూడనివాళ్ళకి ఒక గుర్తు చెబుతాను. మలేషియాలో పేరాక్ రాష్ట్రంలో, 1885లో కట్టిన వాలు గడియార గోపురం ఉన్న ఊరు ఇది. 1982కి ముందు దీని పేరు తెలుక్ ఆన్సన్. మా ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ ఆన్సనే వస్తుంది. మాట మారినా నోరు మారదన్నమాట.

నేను చేసేది కంప్యూటర్ కన్సల్టింగ్. నాట్యం గురించి మాట్లాడే అర్హత బొత్తిగా లేదు. నా పెళ్ళి వీడియో చూసినవాళ్ళెవరైనా ఈ సంగతి ఒప్పుకుంటారు. ఈ టాపిక్ నా నెత్తిన పడడానికి కారణం మా పదేళ్ళ అమ్మాయి. స్కూల్లో ఇంగ్లీషు క్విజ్ ఉందని ఒక మాటల పట్టిక పట్టుకొచ్చి, "నాన్నా, టర్ప్సికొరియన్ అంటే ఏంటి?" అని అడిగింది. డిక్షనరీ చూసి, నాట్యానికి సంబంధించినది అని చెప్పాను. పక్కనే కొబ్బరి కోరుతున్న మా అమ్మ "ఏటదీ?" అంది. "డాన్సమ్మా" అన్నాను.

"ఓ, ఆటా! నువ్వే ఆట ఆడతావే?" అని మనవరాలిని అడిగింది.

అది ఠక్కున "బ్యాడ్మింటన్!" అంది.

ముగ్గురం నవ్వుకున్నాం. కాసేపటికి నాకు నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ మాట్లాడింది తెలుగే. ఇద్దరికీ తెలిసిన మాటే. అయినా ఒకరు అడిగింది ఒకరికి అందలేదు. మా అమ్మ బాగన్ దాతో వైపు కొబ్బరి ఎస్టేటులో పెరిగిన మనిషి. ఆవిడకి ఆట అంటే రామనవమికి వేసే కోలాటం. మా అమ్మాయికి ఆట అంటే స్కోరు.

సరే, ముందు ఆ గ్రీకు ఆవిడ సంగతి చూద్దాం. గ్రీకుల పురాణాల్లో కళలకీ విద్యలకీ మ్యూజులని తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళున్నారు. తండ్రి జ్యూస్, తల్లి నెమొసిని. నెమొసిని అంటే జ్ఞాపకం. క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో హెసియడ్ అనే కవి ఈ తొమ్మిదిమంది పేర్లూ చెప్పాడు. నీకు చరిత్ర, నీకు నాట్యం అంటూ శాఖలు పంచింది మాత్రం చాలాకాలం తరవాతివాళ్ళు. అందులో నాట్యం టర్ప్సికొరీకి వచ్చింది. బొమ్మల్లో ఆవిడ చేతిలో లైర్ అనే తంత్రీవాద్యం ఉంటుంది. మన చదువులతల్లి చేతిలో వీణ ఉన్నట్టు.

ఆ పేరు రెండు ముక్కలు. మొదటిది టెర్పీన్, అంటే ఆనందపరచడం. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని సంస్కృతంలోని 'తృప్' ధాతువుకి చుట్టమంటారు. అంటే మన తృప్తి, తర్పణం ఈ మాటకి దాయాదులే! నాకైతే ఇది చదివాక ఆవిడ పరాయి మనిషిలా అనిపించడం మానేసింది. రెండోది ఖొరోస్. అంటే గుంపుగా కలిసి ఆడడం, ఆ ఆడేవాళ్ళ గుంపు కూడా. నలుగురూ కలిసి ఆడే ఆటలో తృప్తి చూపించే తల్లి అనుకోండి.

ఈ ఖొరోస్‌నించే ఇంగ్లీషు కోరస్ వచ్చింది. ఇవాళ కోరస్ అంటే మనకేమిటి? సినిమా పాటలో వెనక నిలబడి ఆ... ఊ... అనేవాళ్ళు. కాళ్ళు కదపరు. పాత ఏథెన్సులో అలా కాదు. పాడేవాళ్ళే ఆడేవాళ్ళు. డయొనైసస్ దేవుడి పండగలో యాభైమంది గుండ్రంగా తిరుగుతూ పాడేవారు. వాళ్ళు ఆడే స్థలాన్ని ఆర్కెస్ట్రా అనేవారు. దాని మూలధాతువుకి అర్థం కూడా నాట్యమాడడమే. రోమన్లు అక్కడ పెద్దమనుషులకి కుర్చీలు వేశారు. తరవాత కొన్ని శతాబ్దాలకి స్టేజీ ముందు వాయిద్యగాళ్ళు కూర్చున్నారు, స్థలం పేరు వాళ్ళకి అంటుకుంది. ఇప్పుడు మనం పెళ్ళిలో "ఆర్కెస్ట్రా పెట్టించాం" అంటే పాటకచేరీ అని అర్థం. మా కంప్యూటర్ భాషలో చెప్పాలంటే, ఫోల్డరు పేరు పాతదే, లోపల ఫైళ్ళు మారిపోయాయి. కొరియోగ్రఫీ కథ కూడా ఇంతే. 1700లో ఫ్రాన్సులో ఫ్యూయే అనే డాన్సు మాస్టారు ఆ పేరుతో పుస్తకం వేసినప్పుడు దాని అర్థం అడుగులని కాగితం మీద గుర్తులతో రాయడం. అడుగులు కూర్చడం అనే అర్థం తరవాత వచ్చింది.

అసలైన ఖొరోస్ చూడాలంటే గ్రీసు దాకా వెళ్ళక్కర్లేదు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు చూడండి. గొల్లల ఆట అది. రొమ్ముకి రేకు తప్పెట్లు కట్టుకుని, వాటిని చేతులతో వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ, ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. వాయించేవాడు, పాడేవాడు, ఆడేవాడు అందరూ ఒక్కడే. మలేషియా తెలుగువాళ్ళలో చాలామంది పూర్వీకులు ఆ విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలవాళ్ళే.

ఇప్పుడు మన మాటలకి వద్దాం. నృత్తం, నృత్యం, నాట్యం మూడూ ఒకటేనని నేనూ అనుకునేవాణ్ణి. పదో శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో వీటిని విడదీశాడు. తాళలయల్ని పట్టుకునేది నృత్తం, భావాన్ని పట్టుకునేది నృత్యం, రసాన్ని పట్టుకునేది నాట్యం. నాట్యమంటే ఆ రోజుల్లో మొత్తం నాటకమే. మన కాకతీయ గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయపసేనాని 1253–54లో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఏనుగుల్ని నడిపించే దండనాయకుడు అడుగుల గురించి పుస్తకం రాశాడంటే నాకు భలే ముచ్చటేస్తుంది. సగం పుస్తకం శాస్త్రీయమైన మార్గపద్ధతికిస్తే, మిగతా సగం దేశి నాట్యాలకిచ్చాడు. కర్రలతో ఆడే దండరాసకం, చిందు కూడా అందులో ఉన్నాయి. మా అమ్మ కోలాటానికి ఏడున్నర శతాబ్దాల కిందటే పుస్తకంలో చోటు దొరికిందన్నమాట.

'నట' అనే మాట సంగతి మరీ తమాషా. అది నృత్ ధాతువుకి ప్రాకృతంలో వచ్చిన రూపమంటారు. నటరాజు అంటే నాట్యానికి రాజు. నటుడు అంటే మాత్రం వేషం వేసేవాడు. ఇక "నటించకు" అన్నామంటే అది తిట్టే! గ్రీకువాళ్ళ మాట కాళ్ళనించి గొంతుకి పోతే, మన మాట కాళ్ళనించి మొహానికి పోయింది.

అచ్చతెలుగు మాట 'ఆడు'కి అసలర్థం కదలడం. గాలి ఆడడం లేదంటాం. చెయ్యి ఆడడం లేదంటాం. సినిమా వందరోజులు ఆడిందంటాం, రెండో ఆటకి వెళ్ళొస్తామంటాం. తోలుబొమ్మలాటలో, కోలాటంలో ప్రదర్శన అనే అర్థం బతికే ఉంది. కన్నడంవాళ్ళ బయలాటలో, మలయాళీల మోహినియాట్టంలో ఉన్నదీ ఇదే. ఇక్కడి మలయ్ భాషలో 'మాయిన్' అనే మాట కూడా ఇలాంటిదే. బంతికీ అదే, గిటారుకీ అదే, వాయాంగ్ తోలుబొమ్మలకీ అదే.

మరి మన పిల్లలకి ఆట అంటే ఒక్క గేమే ఎందుకు మిగిలింది? నాకు తోచింది చెబుతాను. దేవదాసీల ఆటని పెద్దమనుషులు నీచంగా చూసిన రోజుల్లో 'ఆట'కి కూడా ఆ మరక అంటింది. డాన్సు మళ్ళీ గౌరవంగా ఇళ్ళలోకి వచ్చినప్పుడు నృత్యం, నాట్యం అనే సంస్కృతం పేర్లతో వచ్చింది. ఇప్పుడు "డాన్స్ చెయ్యడం" వాటినీ తోసేసింది. ఎవరినీ తప్పుపట్టడం లేదు, మా ఇంట్లో ముందు ఆ మాట వాడింది నేనే.

క్విజ్‌లో టర్ప్సికొరియన్ అడగనే లేదట. అయితే ఆ ఆదివారం అమ్మాయి వాళ్ళ నానమ్మ దగ్గర కూర్చుని, "నువ్వే ఆట ఆడేదానివి?" అని అడిగింది. అప్పడాల కర్రలు రెండు బయటికొచ్చాయి. రెండూ ఒక పొడుగువి కావు. కోలాటంలో మొదటి అడుగు కుడికాలా ఎడమకాలా అన్నది మా అమ్మకి సరిగ్గా గుర్తు రాలేదు. ఎస్టేటులో తనతో ఆడిన ఒకావిడకి ఫోన్ చేసింది. ఆవిడ ఎడమ అంది. మా అమ్మ ఒప్పుకోవడం లేదు. మీ ఇళ్ళలో తెలిసిన పెద్దవాళ్ళుంటే అడిగి చెప్పండి.

ఉంటాను మరి.