రెండో కాన్పుకు తొందరెక్కువ

2024 జూలై 5న హైదరాబాద్‌ ఆరాంఘర్‌లో సిటీబస్సు ఎక్కిన ఒక నిండు గర్భిణికి బహదూర్‌పురా చేరేసరికి నొప్పులు ముదిరిపోయాయి. ఆసుపత్రి దాకా ఆగే వ్యవధి లేదు. మహిళా కండక్టరు, తోటి ప్రయాణికురాళ్లు కలిసి బస్సులోనే పురుడు పోశారు. ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాతే తల్లీబిడ్డలను దగ్గర్లోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి చేర్చారు. అంతకు దాదాపు మూడు వారాల ముందే కరీంనగర్ బస్‌స్టేషన్‌లో ఆర్టీసీ సిబ్బంది చీరలు అడ్డుపెట్టి మరో తల్లికి కాన్పు చేశారు. ఆ ఏడాది రాఖీ పండగ నాడు గద్వాల నుంచి వనపర్తి వెళ్తున్న బస్సులోనూ ఇదే జరిగింది. ఇలా పుట్టిన పిల్లలకు ఆర్టీసీ జీవితాంతం ఉచిత బస్‌పాస్ ఇస్తుంది కాబట్టి ఈ వార్తలు పేపర్లలో పండగలాగే వస్తాయి.

వాటిలో సాధారణంగా కనిపించని వివరం ఒకటుంది: అది ఎన్నో కాన్పు?

ప్రసూతి వార్డులో నర్సమ్మ మాత్రం ముందు అదే అడుగుతుంది. తొలిచూలు అంటే ‘ఇంకా టైముంది, కాసేపు నడువమ్మా’ అంటుంది. రెండోది అంటే ముందు బల్ల ఎక్కిస్తుంది. ఆ తేడా వెనుక అనుభవమే కాదు, డెబ్బై ఏళ్ల పరిశోధన కూడా ఉంది.

జల్‌పల్లి లాంటి చోట ఆ తేడాకు విలువ ఎక్కువ. పాతబస్తీ దక్షిణపు అంచున, పహాడీషరీఫ్ గుట్ట పక్కన, ఇరుకు సందుల కాలనీలుగా పెరిగిన ప్రాంతం ఇది. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరం. చాంద్రాయణగుట్ట, శాలిబండల మీదుగా సాయంత్రం పూట ఆటోలో వెళ్లినవారికి ఆ పది కిలోమీటర్లు అంటే ఏమిటో తెలుసు. 2020 అక్టోబరు వానలకు చెరువు నీళ్లు మీదపడి ఇక్కడి ఉస్మాన్‌నగర్ నెలల తరబడి మునిగే ఉంది. అలాంటి చోట ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరాలన్నది చిన్న విషయం కాదు. చాలా ఇళ్లలో ఆ లెక్క తొలి కాన్పు జ్ఞాపకం మీదే నడుస్తుంది. ‘పెద్దోడప్పుడు రాత్రంతా పట్టింది కదా’ అనుకుని, ఆ పెద్దోడికి అన్నం పెట్టి, పక్కింట్లో అప్పగించి, అత్తగారు వచ్చాక వెళ్దామని కూర్చుంటారు. అక్కడే మోసం వస్తుంది.

కాన్పుకు గడియారం కట్టిన తొలి వైద్యుల్లో న్యూయార్క్‌కు చెందిన ఎమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ ఒకరు. 1950లలో ఆయన గర్భాశయ ముఖద్వారం గంటగంటకూ ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంటోందో కొలిచి గ్రాఫు గీశారు. నొప్పులు ఊపందుకున్నాక తొలిచూలులో గంటకు కనీసం 1.2 సెంటీమీటర్లు, తర్వాతి కాన్పుల్లో 1.5 సెంటీమీటర్లు అన్న కొలమానం ఆయనదే. దశాబ్దాల పాటు ప్రపంచమంతా దాన్నే నమ్ముకుంది.

2010లో పరిశోధకుడు జున్ జాంగ్ బృందం అమెరికాలోని 19 ఆసుపత్రుల నుంచి 62,415 మంది తల్లుల రికార్డులు తీసి చూస్తే కథ మారింది. ఆరు సెంటీమీటర్ల దాకా తొలి కాన్పుకూ రెండో కాన్పుకూ పెద్ద తేడా లేదు. రెండూ నింపాదిగానే సాగుతాయి. నాలుగు నుంచి ఐదుకు చేరడానికే ఆరు గంటలకు పైగా పట్టవచ్చు. ఆరు దాటాకే దారులు చీలుతాయి. తొలిచూలు తన నడకలోనే కాస్త వేగం పెంచుకుంటుంది, రెండోది పరుగు అందుకుంటుంది. ద్వారం పూర్తిగా తెరుచుకున్నాక బిడ్డ బయటపడే దశ, నొప్పి తెలియకుండా నడుముకు మందు ఇవ్వని తల్లుల్లో, తొలి కాన్పుకు మధ్యస్థంగా 36 నిమిషాలు, రెండోదానికి 12 నిమిషాలు. ఈ పన్నెండు నిమిషాల అంకెను పాతబస్తీ ట్రాఫిక్ పక్కన పెట్టి చూడాలి.

‘ఉన్నట్టుండి అయిపోయింది’ అనే తల్లి మాట కూడా ఇక్కడే అర్థమవుతుంది. చాలాసార్లు అది ఉన్నట్టుండి మొదలైనది కాదు. ముందు దశ పొద్దుటి నుంచే నడుము లాగుడుగా, వచ్చిపోయే దొంగ నొప్పుల్లా సాగి ఉంటుంది. ఇంట్లో ఒక బిడ్డ వెనక పరుగులు తీసే మనిషికి దాన్ని పట్టించుకునే తీరిక ఎక్కడిది?

ఈ వేగం శరీరానికి ఎక్కడి నుంచి వస్తుంది? మొదటిది ముఖద్వారం. కాన్పు కాని స్త్రీలో అది చిన్న గుండ్రటి రంధ్రం. ఒకసారి బిడ్డ ఆ దారిన వచ్చాక అడ్డంగా చీలికలా మారుతుంది, ఇక పాత ఆకారానికి రాదు. డాక్టరు చూసి చెప్పేయగలరు. తొలిచూలులో ఈ ద్వారం ముందు పల్చబడి, ఆ తర్వాత తెరుచుకుంటుంది. రెండోసారి ఆ రెండు పనులూ ఒకేసారి జరుగుతాయి. రెండోది కటి అడుగు కండరాలు. బిడ్డ తల దాటేటప్పుడు వాటిలో కొన్ని తమ మామూలు పొడవుకు మూడింతలకు పైగా సాగాలని కంప్యూటర్ నమూనాల లెక్క. ఒకసారి అంత సాగినవి మళ్లీ అంత పట్టుగా అడ్డుపడవు. ఇంకో సంగతి: తొలిచూలులో బిడ్డ తల తరచూ కాన్పుకు వారాల ముందే కటిలోకి దిగి కూర్చుంటుంది. రెండోసారి చాలామందిలో నొప్పులు మొదలయ్యాకే దిగుతుంది. అందుకే ‘ఇంకా కిందికి రాలేదు’ అన్న మాట రెండో కాన్పులో ధైర్యం చెప్పుకోవడానికి పనికిరాదు.

తల కిందికి వచ్చి ముఖద్వారాన్ని నొక్కితే ఆ కబురు నరాల ద్వారా మెదడుకు చేరి ఆక్సిటోసిన్ ఊరుతుంది. దాంతో నొప్పి పెరుగుతుంది, తల ఇంకా నొక్కుతుంది, హార్మోను ఇంకా ఊరుతుంది. 1941లో దీన్ని వివరించిన ఫెర్గూసన్ పేరే ఆ చర్యకు స్థిరపడింది. అదే తల వెనక పురీషనాళాన్ని కూడా నొక్కుతుంది. రెండో కాన్పు గర్భిణి నొప్పుల మధ్య ‘దొడ్డికి వస్తోంది’ అంటే బాత్రూముకు పంపకూడదు. వచ్చేది బిడ్డ కావచ్చు.

నొప్పులు మొదలైన మూడు గంటల్లోపే కాన్పు అయిపోతే వైద్యులు దాన్ని అతివేగ ప్రసవం అంటారు. అమెరికా లెక్కల్లో వందకు సుమారు మూడు అలాంటివి. ‘అదృష్టవంతురాలు, తేలిగ్గా అయిపోయింది’ అనే చుట్టాలు ఆమెను ఒకసారి అడిగి చూడాలి. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే విరామం ఉండదు. గర్భాశయం బిగిసిన ప్రతిసారీ మాయకు రక్తం తగ్గుతుంది, విరామం లేకపోతే బిడ్డకు ప్రాణవాయువు చాలదు. సాగడానికి వ్యవధి లేని చోట చీలికలు పడతాయి. కాన్పయ్యాక గర్భాశయం ముడుచుకోకుండా వదులైపోతే రక్తం ఆగదు. మొదటి కాన్పు ఇలా వేగంగా అయి ఉంటే రెండోదీ అలా అయ్యే అవకాశం ఎక్కువ.

దారిలోనే బిడ్డ వచ్చేస్తుంటే 108కు ఫోన్ చేసి, ఆటోను పక్కకు ఆపించడం మేలు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవలో కాన్పు చేయడం నేర్చిన సిబ్బంది ఉంటారు. 102 ‘అమ్మ ఒడి’ బండ్లు వేరు, అవి పరీక్షలకు తీసుకెళ్లి తీసుకురావడానికి. ఆలోగా కాళ్లు దగ్గరికి నొక్కిపెట్టడం, తలను లోపలికి తోయడం ప్రమాదం. బిడ్డను లాగకూడదు, జారిపోకుండా పట్టుకుంటే చాలు. పుట్టగానే పొడిగుడ్డతో తుడిచి, తల్లి రొమ్ముల మధ్య ఆనించి, తలతో సహా కప్పాలి. తడి ఒంటి మీద గాలి తగిలితే పసికందు నిమిషాల్లో చల్లబడిపోతుంది. బొడ్డుతాడు కోయాలని బ్లేడు కోసం వెతకనక్కర్లేదు, అది అలాగే ఉండవచ్చు. మాయను లాగకూడదు, అదే పడుతుంది. బిడ్డ రొమ్ము పట్టుకుంటే ఊరే ఆక్సిటోసిన్ గర్భాశయం ముడుచుకోవడానికి తోడ్పడుతుంది.

తెలంగాణలో ఈ కథకు ఇంకో మెలిక ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆ సర్వేలో దేశంలోని ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. మొదటిసారి ద్వారం తెరుచుకోకముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీసి ఉంటే, రెండోసారి సహజ కాన్పుకు ప్రయత్నించినప్పుడు శరీరం దాదాపు తొలిచూలు లెక్కనే నడుస్తుంది. పైన చెప్పిన పన్నెండు నిమిషాలు అలాంటి తల్లివి కావు. కానీ ఆమె గర్భాశయం మీద పాత కుట్టు ఉంది, బలమైన నొప్పులకు అది విచ్చుకునే ముప్పూ ఉంది. అందుకే తొలి నొప్పికే ఆసుపత్రికి రమ్మంటారు. మామూలు కాన్పు అయిన తల్లికీ నొప్పులు క్రమం పట్టగానే బయల్దేరమనే చెబుతారు. అయిదు నిమిషాలకొకటి వచ్చేదాకా ఇంట్లో ఉండవచ్చన్న సలహా తొలిచూలు వారిది.