మేనరికం – అంతఃప్రజననం: కృష్ణా డెల్టా కుటుంబాలకు జన్యుశాస్త్రం చెప్పేదేమిటి?

కృష్ణా డెల్టా మాగాణుల్లో వరి తరువాత మొక్కజొన్న సాగుచేసే రైతులు సంకర విత్తనాన్ని ఏటా కొత్తగా కొనవలసి ఉంటుందని ఎరుగుదురు. ఒకే ఆబోతు వీర్యాన్ని దాని కూతుళ్లకు వాడరాదని పాడి రైతులు ఎరుగుదురు. ఈ రెండు జాగ్రత్తల వెనుక ఉన్న సూత్రమే మానవ వివాహాలకూ వర్తిస్తుంది. మేనమామకు అక్క కూతురిని ఇవ్వడం, బావ మరదళ్లకు పెళ్లి చేయడం ఈ ప్రాంతంలో అనాదిగా ఉన్న ఆచారం. బంధుత్వం నిలవాలని, పొలం బయటి వారికి పోరాదని పెద్దలు ఇందుకు కారణాలు చెబుతారు. "మేనరికం చేస్తే పిల్లలకు లోపం తప్పదా?" అన్న ప్రశ్న గ్రామాల్లో విస్తరణ శాస్త్రవేత్తలకు ఎదురుకావచ్చు. దానికి భయపెట్టే సమాధానం గాని, కొట్టిపారేసే సమాధానం గాని సరైనది కాదు.

మూల సూత్రం

మానవ కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి నుండి, మరొకటి తండ్రి నుండి సంక్రమిస్తుంది. కాబట్టి దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి. అంతర్గత లక్షణం గల వ్యాధులలో ఒక ప్రతి లోపించినా రెండవది పని నడిపిస్తుంది. అట్టి వ్యక్తి ఆరోగ్యంగానే ఉంటాడు, కాని వాహకుడు. దంపతులిద్దరూ ఒకే వ్యాధికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 1/4.

మెండెల్ 3:1 నిష్పత్తి వందల మొక్కలున్న మడిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అది కనిపించదు. వాహక దంపతుల ఇద్దరు బిడ్డలూ ఆరోగ్యంగా పుట్టే అవకాశం 9/16. అంటే సగానికి పైగా ఇటువంటి కుటుంబాలలో లోపం బయటపడదు.

అంతఃప్రజనన గుణకం

ఒక బిడ్డలోని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని ఒకే ప్రతి నుండి వచ్చే సంభావ్యతను అంతఃప్రజనన గుణకం అంటారు.

• ఒక తరం ఆత్మపరాగసంపర్కం: 1/2
• ఆబోతు – దాని కూతురు: 1/4
• మేనమామ – మేనకోడలు: 1/8
• బావ – మరదలు: 1/16

యాభై మందిలో ఒకరు వాహకులుగా ఉన్న వ్యాధిని ఉదాహరణగా తీసుకుందాం. బంధుత్వం లేని దంపతులకు పుట్టే 10,000 మంది శిశువులలో సుమారు ఒకరికి ఆ వ్యాధి వస్తుంది. బావ మరదళ్ల సంతానంలో ఈ సంఖ్య సుమారు 7, మేనమామ – మేనకోడళ్ల సంతానంలో సుమారు 13. వందకు 18 మంది వాహకులుగా ఉన్న వ్యాధిలోనైతే బావ మరదళ్ల సంతానానికి ముప్పు ఒకటిన్నర రెట్లు మాత్రమే. వ్యాధి ఎంత అరుదైనదైతే మేనరికం వల్ల ముప్పు అన్ని రెట్లు పెరుగుతుంది.

అన్ని లోపాలనూ కలిపి చూస్తే, సాధారణంగా నూటికి 2 – 3 మంది శిశువులలో పుట్టుకతో తీవ్రమైన లోపాలు కనిపిస్తాయి. బావ మరదళ్ల సంతానంలో దీనికి మరో 2 – 3 చేరతాయని అంచనా. అంటే ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. అయినా అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పినప్పుడే సమాధానం పూర్తవుతుంది.

పరిశోధనల నేపథ్యం

ఆల్కాప్టోన్యూరియా రోగుల తల్లిదండ్రులలో దగ్గరి బంధువులు ఎక్కువగా ఉండటాన్ని ఆర్చిబాల్డ్ గారడ్ 1902లో గుర్తించారు. మానవులలో అంతర్గత లక్షణ సంక్రమణకు అదే తొలి నిదర్శనం. మేనమామ కూతురినే వివాహం చేసుకున్న చార్లెస్ డార్విన్, మొక్కలలో ఆత్మపరాగసంపర్కం వల్ల కలిగే నష్టాలపై తన ప్రయోగాలను 1876లో గ్రంథంగా వెలువరించారు. మన రాష్ట్రానికి సంబంధించి, పిఠాపురంలో జన్మించిన హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై తమ పరిశీలనలను 1963లో ప్రచురించారు.

వరికి లేని నష్టం మనిషికి ఎందుకు?

స్వర్ణ, సాంబ మసూరి వరి రకాలు తరతరాలుగా ఆత్మపరాగసంపర్కం చెందుతున్నా క్షీణించవు. ప్రతి తరంలోనూ విషమయుగ్మజత సగానికి తగ్గే పంటలో హానికర జన్యువులు త్వరగా బయటపడి, ఆ మొక్కలతోపాటే తొలగిపోయాయి. పరపరాగసంపర్కం జరిగే మొక్కజొన్నలో అవి విషమయుగ్మజ స్థితిలో దాగి ఉంటాయి. మనిషి ఈ విషయంలో మొక్కజొన్న వంటివాడు. తరతరాల మేనరికం వల్ల చెడు జన్యువులు కడిగివేయబడ్డాయన్న వాదన ఉన్నా, 1/16 స్థాయిలో ఆ ప్రక్షాళన చాలా నెమ్మది. పైగా పంటలో బలహీనమైన మొక్క రాలిపోతే నష్టం గింజ మాత్రమే. ఇంట్లో అది ఒక బిడ్డ.

మేనరికం మానితే చాలునా?

చాలదు. కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమాజాలలో కొన్ని అంతర్గత వ్యాధులు బంధుత్వం లేని దంపతుల సంతానంలోనూ కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొని 2017లో వెలువరించిన పరిశోధన వైశ్య సమాజంలోని బ్యూటిరైల్‌కోలిన్‌ఎస్టరేజ్ లోపాన్ని ఇందుకు ఉదాహరణగా చూపింది. ఈ ఎంజైము లోపించినవారికి శస్త్రచికిత్సలో సక్సినైల్‌కోలిన్ అనే కండర శిథిలక మందు ఇస్తే శ్వాస తిరిగి అందుకోవడం చాలా ఆలస్యమవుతుంది. కుటుంబ చరిత్రను మత్తు వైద్యునికి ముందే చెబితే ప్రమాదం తప్పుతుంది.

విస్తరణ సిబ్బంది గమనించవలసినవి

1. సంకర విత్తనం, ఆబోతు మార్పిడి వంటి రైతుకు తెలిసిన ఉదాహరణలతో విషయాన్ని ప్రారంభించాలి.
2. అంతర్గత వ్యాధిలో లోపం ఇరువైపుల నుండీ వస్తుంది. తల్లిని నిందించడం అశాస్త్రీయమని స్పష్టంగా చెప్పాలి.
3. రక్త గ్రూపులు వేరైతే మేనరికానికి దోషం లేదన్నది అపోహ. గ్రూపును నిర్ణయించే జన్యువులు వేరు, ఈ వ్యాధుల జన్యువులు వేరు.
4. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చినంత మాత్రాన తరువాతి ముగ్గురూ ఆరోగ్యంగా ఉంటారని కాదు. ప్రతి కాన్పుకూ 1/4 అవకాశం మళ్లీ ఉంటుంది.
5. పెళ్లి నిశ్చయానికి ముందే మూడు తరాల వంశవృక్షం గీయించాలి. పుట్టు చెవుడు, తలసీమియా, కారణం తెలియని శిశు మరణాలు ఉంటే జన్యు సలహాకు పంపాలి. తలసీమియా వాహకులను రక్తపరీక్షతో గుర్తించవచ్చు.
6. ఇప్పటికే మేనరికం చేసుకున్న దంపతులను భయపెట్టరాదు. గర్భధారణకు ముందు వైద్య సలహా, పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష చేయించుకోమని ప్రోత్సహించాలి.

వివాహ నిర్ణయం కుటుంబానిదే. ఆ నిర్ణయానికి ముందు ముప్పు ఎంతో, దానిని తెలుసుకునే మార్గమేదో వారికి సరైన అంకెలతో అందించడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.